వేళ్లు పట్టే రాయి: బోన్సాయ్‌కి ఎంపిక

కుండీలో చెట్టును పొట్టిగా పెంచే బోన్సాయ్ కళలో, జపానులో సెకిజోజు అని పిలిచే శైలి ఒకటుంది. ఈ శైలిలో చెట్టు వేళ్లు రాతిని చుట్టుకుని కిందనున్న మట్టిలోకి దిగుతాయి కనుక, చెట్టుకన్నా ముందు రాయినే శ్రద్ధగా ఎంచుకోవాలి. పైనుంచి అడుగు వరకు నిలువుగా సాగే పగుళ్లు, చాళ్లు ఉన్న గరుకైన గట్టిరాయి శ్రేష్ఠం. ఏటి ఒడ్డున దొరికే నున్నని గుండ్రాయి ఎంత అందంగా ఉన్నా దానిపై వేళ్లకు పట్టు చిక్కదు. నీటికి పొరలుగా ఊడే రాయి అసలే వద్దు, ఎందుకంటే వేళ్లు బిగిసిన పదేళ్లకు అది చిట్లితే దిద్దుకునే మార్గం ఉండదు. ఒక రోజు నీటిలో నానబెట్టి, మేకుతో గీసి చూడండి. ఉప్పు పట్టిన సముద్రతీరపు రాయిని, మట్టిలో క్షారగుణాన్ని పెంచే సున్నపురాయిని మానుకోండి. జువ్వి, రావి వేళ్లు త్వరగా లావెక్కి రాతిని కప్పేస్తాయి కాబట్టి, వాటికి కాస్త పెద్ద రాయే మేలని నా అభిప్రాయం.