ఈవీ స్కూటర్ వణుకుతుంది గాని కదుల్తలేదా? మోటర్ మార్చేముందు ఇవి చూస్కోండ్రి

మొన్న వానలకు నయీంనగర్ నాలా కాడ మోకాళ్లలోతు నీళ్లల్లకెల్లి బండి తోల్కొచ్చిన, తెల్లారి యాక్సిలేటర్ ఇస్తే గర్‌ర్‌మని వణుకుడే గాని ముందలికి పోదు, కాలుతోని నూకితే మాత్రం మంచిగనే ఉరుకుతది. షాపాయన చెయ్యి కూడ పెట్టకుండనే మోటర్ పోయింది, కొత్తది ఎయ్యాలె అన్నడు. అరె, మోటర్ పోతే నూకినా పోదు గదా! గిట్ల వణికితే ఎక్కువసార్లు హాల్ సెన్సరే (చక్రం ఏ తావుల ఉన్నదో మాగ్నెట్లను బట్టి కంట్రోలర్‌కు చెప్పే చిన్న పార్టు), లేకుంటే మూడు ఫేజ్ వైర్లల్ల (మోటర్‌కు కరెంట్ తెచ్చే లావు వైర్లు) ఒకటి వదులైతది.

ముందుగాల ఎంసీబీ (బ్యాటరీ కరెంట్ బంద్ చేసే స్విచ్) దించి తాళం ఒక నిమిషం ఆన్‌ల ఉంచుండ్రి, కంట్రోలర్ (మోటర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) కెపాసిటర్లల్ల ఉన్న కరెంట్ దిగిపోతది. సెంటర్ స్టాండ్ ఏసి ఎన్క చక్రం (నా బండి మోటర్ దాంట్లనే ఉంటది) తిప్పుండ్రి. బిగుసుకొని ఆగి ఆగి తిరిగితే లావు వైర్లు మూడు, అంటే పసుపు, పచ్చ, నీలం, కంట్రోలర్ నుంచి ఊడదీసి మళ్ల తిప్పాలె. ఇప్పుడు ఫ్రీ అయితే కంట్రోలర్‌ల మాస్ఫెట్ (స్విచ్ లెక్క పనిచేసే పార్టు) పోయినట్టు, మోటర్ తప్పేం లేదు. అప్పటికీ బిగుసుకుంటే మోటర్ వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) షార్ట్, లేకుంటే బేరింగ్. మొదట్నుంచే ఫ్రీగ ఉంటే ఆ వైర్లు ఊడదీసి రెండు రెండు కలిపి తిప్పుండ్రి, మూడు జతలకూ ఒక్కతీరుగ బరువు రావాలె.

ఇగ సెన్సర్. లావు వైర్ల కొసలకు దేనికదే టేప్ సుట్టి, ఎంసీబీ లేపి తాళం ఆన్ చెయ్యుండ్రి. మల్టీమీటర్ 20 వోల్ట్ డీసీల పెట్టి హాల్ కనెక్టర్ సన్న వైర్లల్ల ఎరుపు, నలుపు మధ్యల చూస్తే 5 వోల్ట్‌లకు అటిటు రావాలె (కొన్ని బండ్లకు 12 ఉంటది). నల్ల ప్రోబ్ అట్లనే ఉంచి ఎర్రదాన్ని ఒక్కో రంగు వైర్‌కు పెట్టి చక్రం మెల్లగ తిప్పితే 0, 5, 0, 5 అని మారాలె. నాకు పచ్చ వైర్ 5 కాడనే కూసున్నది. కనెక్టర్ ఊడదీస్తే పిన్నుకు చిలుము పట్టింది, పాత బ్రష్షుతోని గీకినా మారలే, ఇగ మోటర్ ఇప్పక తప్పలే.

ఇప్పేటప్పుడు వేళ్లు పైలం. మాగ్నెట్లు గట్టిగ గుంజుతయి, మధ్యల వేలు పడితే నలిగిపోతది. కవర్‌కు, డ్రమ్ముకు కలిపి మార్కర్ గీత పెట్టుకోండ్రి. పోయింది ఒక్కటే అయినా మూడు సెన్సర్లూ మార్చుడే మేలు, రేటు పదుల రూపాయలే. మీద నంబర్ చూసి అదే తేవాలె (నాదాంట్ల 41ఎఫ్ ఉండె), రాత ఉన్న దిక్కు పాతదాని లెక్కనే ఉండాలె, తిరగబెడితే మళ్ల మొదటికే. సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించొద్దు.

లోపల తడి మొత్తం ఆరినంకనే మూయాలె, అంచుకు సిలికాన్ రాయాలె. బిగించేటప్పుడు టార్క్ వాషర్ మర్చిపోవద్దు, అది లేకుంటే యాక్సిల్ తిరిగి లోపలి వైర్లన్నీ మెలిపడి తెగుతయి. వైర్ యాక్సిల్ కన్నా కిందికి ఒక వంపు తిరిగేటట్టు కట్టుండ్రి, నీళ్లు ఆ వంపు కాడనే కారిపోతయి.