పిడుగుల కాలం రాకముందే చూసుకోవలసినవి

మిద్దె మీద లైట్నింగ్ అరెస్టర్ (పిడుగును అందుకునే లోహపు కడ్డీ) ఉంటే ఇక పిడుగు పడదని చాలామంది నమ్మకం. అది పిడుగును ఆపదు. పడిన పిడుగు గోడల జోలికి పోకుండా, తనకు కలిపిన లోహపు పట్టీ వెంట నేలలోకి దిగేలా చేస్తుంది, అంతే. ఒక సాధారణ పిడుగులో 30 వేల ఆంపియర్ల వరకు కరెంటు ఉంటుంది. అది సాగే దారిలో గాలి 30 వేల డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. అంత కరెంటు గోడలోంచి దూరితే లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై ఇటుకలు బద్దలవుతాయి. అందుకే పైనున్న కడ్డీ కంటే కిందకు దిగే దారి ముఖ్యం. మనం పట్టించుకోనిది కూడా దాన్నే.

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజునే ఆ దారిని పై నుంచి కింది దాకా పరిశీలించండి. రంగులు వేసినప్పుడో మరమ్మతులు చేసినప్పుడో పట్టీని విప్పి మళ్లీ బిగించకుండా వదిలేసి ఉండవచ్చు. రాగి, అల్యూమినియం నేరుగా కలిసే చోట తడి తగిలితే లోహం తినేసుకుపోతుంది. పట్టీ మెలికలు లేకుండా తిన్నగా దిగాలి. పదునైన వంపు ఉన్న చోట పిడుగు కరెంటు పట్టీని వదిలి పక్కకు దూకగలదు. కడ్డీ పెట్టిన తర్వాత మిద్దె మీద కొత్తగా నీళ్ల ట్యాంకో సోలార్ పలకలో వచ్చి ఉంటే, అవి దాని రక్షణ పరిధిలో ఉన్నాయో లేదో నిపుణుడితో చూపించండి. కిందకు దిగే పట్టీలు కనీసం రెండు ఉండాలి.

పట్టీ నేలలో కలిసే చోట ఎర్తింగ్ నిరోధాన్ని (కరెంటుకు ఎదురయ్యే అడ్డును) మీటరుతో కొలిపించండి. 10 ఓమ్‌లకు మించకపోవడం మంచిది. అయితే 10 ఓమ్‌లే ఉన్నా, 30 వేల ఆంపియర్లు దిగిన క్షణంలో అక్కడ వోల్టేజీ 3 లక్షల వోల్టుల దాకా లేస్తుంది. ఇంటి కరెంటు ఎర్తింగ్, ఇనుప నీటి పైపులు కడ్డీ ఎర్తింగ్‌తో కలపకుండా విడిగా ఉంటే, ఆ తేడా వల్ల నిప్పురవ్వ గోడ దాటి వాటి మీదకు దూకుతుంది. విడిగా ఉంచడమే క్షేమమనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. అన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపించాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని, సొంతంగా చేయకండి.

పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. కడ్డీ కట్టడాన్ని కాపాడుతుంది కానీ టీవీనీ కంప్యూటర్‌నూ కాపాడదు. వాటికోసం మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని అడ్డుకునే పరికరం) పెట్టించాలి. ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గులు తీసేయాలి, మొదలయ్యాక వాటిని ముట్టుకోవద్దు.

ఇక మనుషుల సంగతి. ఉరుము వినిపించిందంటే మీరు పిడుగు అందుకోగల దూరంలోనే ఉన్నట్టు. వాన మొదలయ్యేదాకా ఆగకండి, మబ్బుకు 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు. పక్కా భవనంలోకి గానీ, లోహపు పైకప్పు ఉన్న కారు, బస్సులోకి గానీ వెళ్లి అద్దాలు మూసుకోండి. వాహనంలో కాపాడేది రబ్బరు టైర్లు కాదు, కరెంటును తన మీదుగా నేలకు పంపే లోహపు ఒళ్లు. చెట్టు కింద, గోడల్లేని షెడ్డులో, గుడారంలో రక్షణ లేదు. చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదకు దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. పశువుల ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ కాబట్టి, నేలలో పాకే ఈ కరెంటుకే అవి ఎక్కువగా బలవుతాయి. మైదానంలో వంగి కూర్చుంటే చాలనే మాటను నమ్మకండి. దగ్గరలో భవనం ఉంటే అక్కడికి పరుగెత్తడమే మేలు. నీటికీ తీగ కంచెకూ దూరంగా ఉండండి. గుంపుగా ఉంటే విడివిడిగా నడవండి.

లోపలికి వచ్చాక స్నానం, గిన్నెలు కడగడం వాయిదా వేయండి. తీగ ఉన్న ఫోను, చార్జింగ్‌లో ఉన్న ఫోను వాడవద్దు. చార్జర్ తీసిన మొబైల్ వాడితే ముప్పు లేదు. లోపల ఇనుప కమ్మీలుండే కాంక్రీటు గోడకు ఆనుకోకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటకు రండి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి నిలబడిపోవద్దు. ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. ముందు అంబులెన్సుకు ఫోను చేయించండి. పలువురు పడిపోయి ఉంటే, మూలుగుతున్నవారి కంటే ముందు కదలిక లేనివారి దగ్గరకు వెళ్లండి. మూలుగుతున్నవారికి ఊపిరి ఆడుతోంది, కదలనివారి గుండె ఆగి ఉండవచ్చు. ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. గుండె మళ్లీ కొట్టుకున్నా ఊపిరి వెంటనే అందకపోవచ్చు కనుక, నేర్చుకున్నవారు నోటి ద్వారా శ్వాస కూడా ఇవ్వాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నవారిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కర్ణభేరి చిరగడం, గుండె లయ తప్పడం పైకి కనిపించవు.