పాత గేమ్ బొమ్మను నాలుగింతల సైజులో మళ్లీ గీయడం ఎలా?

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో చిన్న మారియో వెడల్పు 12 పిక్సెళ్లు, ఎత్తు 16. నాలుగు 8×8 టైల్స్ (గేమ్ బొమ్మలను కట్టే చిన్న చదరపు ముక్కలు) పక్కపక్కన పేర్చితే ఒక మారియో. రంగులు మూడే, మిగిలింది పారదర్శకం. ఈ బొమ్మను 64×64లో కొత్తగా గీసి, పాత గేమ్‌లను కంప్యూటర్‌లో ఆడించే మీసెన్ ఎమ్యులేటర్‌లో అసలు గేమ్‌లోనే నడిపించడం ఎలాగో చూద్దాం. గీయడానికి క్రిటా, గింప్, ఏస్‌ప్రైట్ ఏదైనా ఫరవాలేదు.

1. టైల్స్ బయటికి తీయండి

మీసెన్‌లోని హెచ్‌డీ ప్యాక్ బిల్డర్ (గేమ్ బొమ్మలను మార్చుకునేందుకు బయటికి తీసే పనిముట్టు) తెరిచి, ఫిల్టర్‌గా ప్రీస్కేల్ 4ఎక్స్ (పిక్సెళ్లను నాలుగింతలు చేసేది) ఎంచుకుని రికార్డింగ్ మొదలుపెట్టండి. నడవండి, దూకండి, జారండి, చావండి. తెరమీద కనిపించిన టైల్సే ఫైల్లో చేరతాయి, కాబట్టి ఆడని భంగిమ దొరకదు. చివరికి కొన్ని పీఎన్‌జీ షీట్లు, వాటితోపాటు ఏ టైల్ షీట్‌లో ఎక్కడుందో చెప్పే హైరెస్ అనే టెక్స్ట్ ఫైలు వస్తాయి. ఒక్కో టైల్ ఇప్పుడు 32×32. మారియో ముక్కలు షీట్‌లో చెల్లాచెదురుగా ఉంటాయి. నాలుగింటినీ 64×64 కాన్వాస్‌లో చేర్చి, 32 దగ్గర అడ్డంగా, నిలువుగా గైడ్ గీతలు పెట్టుకోండి. ఏ దశలోనూ జేపీజీలో సేవ్ చేయొద్దు, అంచుల చుట్టూ మురికి పడుతుంది.

2. గీసే ముందు చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. స్కేల్2ఎక్స్, హెచ్‌క్యూ, ఎక్స్‌బీఆర్‌జెడ్ లాంటి, బొమ్మను వాటంతటవే పెద్దది చేసే ఫిల్టర్లకు పక్క పిక్సెళ్ల రంగులే తెలుసు, అది కన్నో మీసమో తెలియదు. మారియోకు జుట్టు, కన్ను, మీసం, చొక్కా, బూట్లు అన్నీ ఒకే గోధుమరంగు. కన్ను ఒక పిక్సెల్ వెడల్పు, రెండు పిక్సెళ్ల ఎత్తు. దాని కింద మూలగా ఆనుకుని మీసం పై కొస ఉంటుంది. ఫిల్టర్ ఆ రెండింటినీ కలిపి ముఖంమీద ఏటవాలు గాటులా చేసేస్తుంది. మీరు 64×64లో గీసేటప్పుడు వాటి మధ్య కనీసం 3 పిక్సెళ్లు చర్మం రంగు వదలండి.

అలాగే టోపీ చూడండి. పై వరుస 5 పిక్సెళ్లు, కింది వరుస 9. ఎడమవైపు ఒక్క పిక్సెల్ పెరిగితే కుడివైపు మూడు పెరిగాయి. ఎడమది తల గుండ్రదనం, కుడిది టోపీ ముందంచు. రెండు వైపులా ఒకే వంపు ఇస్తే మారియో తలమీద గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. జుట్టు మధ్యలో నిలువుగా కనిపించే రెండు చర్మం పిక్సెళ్లు చెవి.

ఇలా ప్రతి పిక్సెల్ గుంపుకూ పేరు రాసుకున్నాకే పెన్ను పట్టండి. మిగతావాటన్నిటికీ పట్టేంత సమయం ఈ ఒక్క దశకే పట్టినా ఆశ్చర్యం లేదు.

3. బయటి గీత

పాత బొమ్మ లేయర్‌ను 30 శాతం అపాసిటీకి (గాఢతకు) తగ్గించి, దానిపై కొత్త లేయర్ తెరవండి. ప్రతి మెట్టు అంచు మధ్యలో ఒక చుక్క పెట్టి, చుక్కలను కలుపుతూ గీత లాగండి. మెట్ల బయటి మూలల వెంట లాగితే బొమ్మ లావెక్కుతుంది, లోపలి మూలల వెంట లాగితే చిక్కిపోతుంది. కొత్త ఆకారం పాతదానికి 2 పిక్సెళ్లకు మించి అటూఇటూ జరగకూడదు. గేమ్ తాకిడిని పాత కొలతలతోనే లెక్కిస్తుంది, బొమ్మ ఉబ్బితే శత్రువు తగిలినట్టే కనిపించి మారియో చావడు.

గీత మందం 2 పిక్సెళ్లు చాలు. టోపీ మొదటి వరుసలోనే మొదలవుతుంది గనక తలపైన జాగా లేదు. పక్కలకు మాత్రం చెరో 8 పిక్సెళ్లు ఉంది.

4. రంగు, వెలుగు

ఒక్కో మూల రంగుకు ఒక నీడ, ఒక మెరుపు చాలు. అంచు నుంచి లోపలికి గుండ్రంగా తెల్లబరిస్తే దిండులా తయారవుతుంది. వెలుగు ఎడమనుంచో కుడినుంచో కాకుండా పైనుంచి పడనివ్వండి. మారియో వెనక్కి తిరిగితే గేమ్ అదే బొమ్మను అద్దంలోలా తిప్పుతుంది, అప్పుడు పక్కనుంచి పడే వెలుగు కూడా దిక్కు మారుతుంది. టోపీమీద ‘ఎమ్’ అక్షరం పెట్టినా ఇబ్బంది లేదు, అది తిప్పినా అదే. మారియో తమ్ముడు లుయీజీ ‘ఎల్’ మాత్రం తిరగబడుతుంది.

ఇంకో చిక్కు: నిలబడ్డ చిన్న మారియో కింది సగం నిజానికి ఒకే టైల్, రెండోవైపు దాన్నే తిప్పి వాడారు. ఒక కాలిమీద అతుకు గీస్తే రెండో కాలిమీదా వస్తుంది.

5. మిగతా భంగిమలు

ముఖాన్ని ప్రతి ఫ్రేమ్‌లో కొత్తగా గీయొద్దు. ఒకసారి గీసిన తల, చేయి, బూటు కాపీ చేసి జరపండి, లేకపోతే నడకలో ముఖం వణుకుతుంది. పాత ఫ్రేమ్‌లో తల ఒక పిక్సెల్ కదిలితే ఇక్కడ 4 కదలాలి.

6. తిరిగి గేమ్‌లోకి

కాన్వాస్‌ను 32 గైడ్ల వెంట కోసి, ఒక్కో ముక్కను షీట్‌లో దాని పాత చోటనే పెట్టండి. గీత ఒక టైల్ నుంచి ఇంకోదానికి దాటేచోట పిక్సెల్ తేడా వచ్చినా సన్నని చీలిక కనిపిస్తుంది. తెల్ల నేపథ్యం చెరిపి పారదర్శకం చేస్తే అంచున తెల్లటి పొర మిగులుతుంది, అందుకే మొదటినుంచీ ఖాళీ లేయర్‌లోనే గీయాలి. ఫోల్డర్‌ను హెచ్‌డీప్యాక్స్‌లో, రోమ్ (గేమ్) ఫైలు పేరుతోనే ఉంచండి.

ఆడుతుంటే నక్షత్రం తిన్నప్పుడు పాత పిక్సెళ్లు మళ్లీ ప్రత్యక్షమైతే కంగారుపడకండి. మీసెన్ టైల్‌ను దాని రంగులతో కలిపి గుర్తుపడుతుంది, అందువల్ల మెరిసే మారియో, లుయీజీ హైరెస్ ఫైల్లో వేర్వేరు వరుసలుగా నమోదవుతారు. ఒక్కో రంగుకూ విడిగా బొమ్మ ఇవ్వాలి. ఈ పద్ధతివల్ల లాభమూ ఉంది. ఈ గేమ్‌లో మేఘం, పొద ఒకే బొమ్మ, రంగే తేడా. ఇక్కడ మాత్రం పొదకు ఆకులు, మేఘానికి దూదిపొరలు విడివిడిగా గీసుకోవచ్చు.

మీసెన్‌లో పాత టీవీ (ఎన్‌టీఎస్‌సీ) నిష్పత్తి పెట్టుకుంటే బొమ్మ సుమారు 14 శాతం వెడల్పుగా సాగుతుంది, కాబట్టి రెండు అమరికల్లోనూ ఒకసారి చూసుకోండి. బొమ్మలు నింటెండోవి. సొంతంగా ఆడుకోవడానికి సరే గానీ అమ్మకానికి పెట్టొద్దు.