భువనగిరి కోట ఎక్కేముందు: బండ మీద నడక

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే, హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లలో భువనగిరి. ఊరి పక్కనే ఒకే గ్రానైట్ గుట్ట, దాదాపు 500 అడుగుల ఎత్తు. పైనున్న కోటను కల్యాణి చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు కట్టించాడని చెబుతారు. ఎత్తు తక్కువే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. దారి పొడవునా బండే, నీడ అరుదు.

ఉప్పల్ రింగ్ రోడ్డులో యాదగిరిగుట్ట, వరంగల్ వైపు బస్సులు దొరుకుతాయి. సికింద్రాబాద్ నుంచి రైలులోనూ వెళ్లొచ్చు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గేటు తెరవగానే ఎక్కడం మొదలుపెట్టి, ఎండ ముదరకముందే దిగిపోండి. గ్రానైట్ ఒకసారి కాగిందంటే సాయంత్రం దాకా వేడి వదలదు. పైన ఎండ, కింద సెగ.

అసలు జాగ్రత్తంతా చెప్పుల దగ్గరే ఉంది. హవాయి చెప్పులు, నున్నటి తోలు బూట్లు వద్దు. మెత్తటి రబ్బరు సోల్ ఉన్న బూట్లే బండను పట్టుకుంటాయి. ఏళ్లుగా అటక మీదున్న జత అయితే సోల్‌ను వంచి చూడండి: గట్టిపడినా, అంచున జిగురు వదిలినా పక్కన పెట్టేయండి. వేళ్లను ముందుకు తోసినప్పుడు మడమ వెనుక ఒక వేలు దూరాలి. అంత జాగా లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్లు ముందురోజే కత్తిరించుకోండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఓఆర్ఎస్ తీసుకెళ్తే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. తిండి బయటికి కనిపించకుండా సంచిలోనే ఉంచండి, కోతులు కవర్ చప్పుడుకే వచ్చేస్తాయి.

మెట్లు బండలోనే చెక్కినవి, ఎత్తు ఒక్కటిగా ఉండదు. అనుమానం వచ్చిన చోట అరచేత్తో రుద్ది చూడండి. పంచదార పలుకుల్లా గరుకుగా తగిలితే కాలు నిలుస్తుంది. ఏళ్ల తరబడి పాదాలు అరగదీసి మెరుస్తున్న చోట నిలవదు, దాని పక్క అంచున అడుగు వేయండి. వాన నీరు జారిన నల్లచారల మీద నాచు ఉంటుంది. ఎండినప్పుడు ఏమీ కాదు, తడిస్తే సబ్బే. అందుకే వాన పడిన రోజు ఎక్కడం మానుకోవాలి. ఉరుము వినిపిస్తే పైన చూడాల్సినవి మిగిలి ఉన్నా వెంటనే దిగండి. ఆ బోడిబండ మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది మీరే.

పైన నీటి గుంటల అంచు లోపలికి వాలి ఉంటుంది, పిల్లల్ని దగ్గరికి పోనివ్వద్దు. గోడలకు తేనెపట్టు కనిపిస్తే పొగ, అత్తరు, కేకలు ఏవీ వద్దు. ఈగలు లేస్తే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని దూరంగా వెళ్లిపోండి.

దిగడమే కష్టం. భయంతో వెనక్కి వాలితే బరువంతా మడమ మీద పడి కాలు ముందుకు జారుతుంది. మోకాళ్లు కాస్త వంచి, పాదమంతా ఆనించి, చిన్న అడుగులు వేయండి. ఎత్తు మెట్ల దగ్గర పక్కకు తిరిగి దిగండి. తొడలు వణుకుతుంటే ఆగి ఐదు నిమిషాలు కూర్చోండి, గేటు కనిపిస్తున్నా సరే.