సాపేక్ష వేగం లెక్కలు సదిశలతో ఎలా చేయాలి?

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటేటప్పుడు నీటి లాగుడు గట్టిగా ఉంటే, ఆ లాగుడుకు కొంచెం ఎదురుగా ముక్కు తిప్పితేనే పంటు అవతలి రేవుకు సరిగ్గా చేరుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ‘సమతలంలో చలనం’ పాఠం చూసి టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ దృశ్యాన్ని మనసులో పెట్టుకోవాలి. ‘అతి తక్కువ కాలానికి ఒక సూత్రం, అతి తక్కువ దూరానికి ఇంకో సూత్రం’ అని బట్టీ పట్టడం వల్లే పిల్లలు తడబడతారని నా గట్టి నమ్మకం. ఒక్క బొమ్మ సరిగ్గా గీస్తే రెండూ అందులోంచే వస్తాయి.

మొదట, లెక్కలో ఉన్న ప్రతి వేగానికీ రెండు పేర్లు పెట్టండి: ఎవరి వేగం, ఎవరి దృష్ట్యా. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ‘నిశ్చల జలంలో పడవ వేగం సెకనుకు 5 మీటర్లు’ అంటే అది నీటి దృష్ట్యా పడవ వేగం. ‘ప్రవాహ వేగం 3 మీటర్లు’ అంటే నేల దృష్ట్యా నీటి వేగం. ఒడ్డున నిలబడ్డవాళ్లకు కనిపించేది మూడోది, నేల దృష్ట్యా పడవ వేగం.

ఇప్పుడు వాటిని గొలుసులా కలపండి:

పడవ–నేల = పడవ–నీరు + నీరు–నేల

మధ్యలో ‘నీరు’ రెండుసార్లు వచ్చి పోతుంది, చివరల్లో ఉన్న పేర్లు మిగులుతాయి. అలా కుదరకపోతే ఏదో ఒక సదిశను (పరిమాణంతో పాటు దిశ కూడా ఉండే రాశిని) తిరగేయాలి. నేల–నీరు అంటే నీరు–నేలకు రుణాత్మకం, అంతే.

తర్వాత బొమ్మ. ఒక్కో వేగాన్ని ఒక్కో బాణంగా గీసి, మొదటి బాణం కొన దగ్గర రెండో బాణం తోక పెట్టండి. నది వెడల్పు 800 మీటర్లు అనుకుందాం. అతి తక్కువ కాలంలో దాటాలంటే ముక్కు నేరుగా అవతలి ఒడ్డుకు పెట్టాలి, అప్పుడు 5, 3 లంబంగా ఉంటాయి. అడ్డంగా దాటించేది 5 మాత్రమే కాబట్టి పట్టే కాలం 800/5 = 160 సెకన్లు. ఆలోగా ప్రవాహం పడవను 3 × 160 = 480 మీటర్లు దిగువకు లాగేస్తుంది. ప్రవాహం ఎంత ఉన్నా ఆ 160 సెకన్లు మారవు, ఎందుకంటే దాటే దిశలో ప్రవాహానికి అంశం (ఆ దిశలో పనిచేసే భాగం) లేదు. ఈ సంగతి తెలిస్తే సగం లెక్కలు నోటితోనే చేయొచ్చు.

అతి తక్కువ దూరంలో, అంటే సరిగ్గా ఎదురుగా ఉన్న రేవుకే చేరాలంటే ఫలిత వేగం (నేల దృష్ట్యా పడవ వేగం) ఒడ్డుకు లంబంగా ఉండాలి. అప్పుడు 5 కర్ణం అవుతుంది, 3 ఒక భుజం, మిగిలిన భుజం 4. ముక్కును ఎగువ వైపు తిప్పాల్సిన కోణానికి సైన్ విలువ 3/5, అంటే సుమారు 37 డిగ్రీలు. కాలం 800/4 = 200 సెకన్లు. ప్రవాహ వేగం 5గానీ అంతకంటే ఎక్కువగానీ అయితే ఈ త్రిభుజం ఏర్పడదు, పడవ నేరుగా ఎదుటి రేవుకు చేరలేదు.

వాన లెక్క కూడా ఇదే పద్ధతి. వాన నిలువుగా సెకనుకు 8 మీటర్ల వేగంతో పడుతోంది, మీరు సైకిల్ మీద 6 మీటర్ల వేగంతో వెళ్తున్నారు.

వాన–మీరు = వాన–నేల − మీరు–నేల

మీ వేగాన్ని తిరగేసి కలపండి: కిందికి 8, మీ మొహం వైపు 6. ఫలితం 10. నిలువుతో కోణానికి టాన్ విలువ 6/8, మళ్లీ సుమారు 37 డిగ్రీలు. వాన ముందు నుంచి కొడుతున్నట్టు ఉంటుంది కాబట్టి గొడుగు ముందుకు వంచాలి. జవాబు మీద అనుమానం ఉంటే సైకిల్ వేగాన్ని సున్నా చేసి చూడండి, గొడుగు నిటారుగా నిలవాలి.