ఇంగ్లిష్‌లో కారణాన్నీ ఫలితాన్నీ ఒకే వాక్యంలో కలపడం ఎలా?

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు వెళ్లేవాళ్లలో బికాజ్, సో అనే మాటలు తెలియనివాళ్లు ఉండరు. ఆ రెండింటిలో ఏది కారణం ముందు రావాలి, ఏది ఫలితం ముందు రావాలి అన్నది చూసుకోకపోతే మాత్రం వాక్యం తలకిందులవుతుంది.

1. ముందు రెండు విషయాలనూ విడదీయండి

1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్ మునిగింది. మళ్లీ అలా జరగకూడదని నిజాం ప్రభుత్వం కట్టించిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. దీన్ని రెండు చిన్న వాక్యాలుగా రాయండి: 'ద మూసీ ఫ్లడెడ్ ద సిటీ.' 'ద గవర్నమెంట్ బిల్ట్ ఎ రిజర్వాయర్.' ఇప్పుడు ఒక్కోదాన్నీ 'ఎందుకు?' అని అడగండి. రిజర్వాయర్ ఎందుకు కట్టారంటే వరద వచ్చింది కనుక. జవాబుగా వచ్చిందే కారణం, దాని పక్కన 'క' అని గుర్తు పెట్టుకోండి.

2. బికాజ్‌ను 'క' ముందే పెట్టండి

'ద గవర్నమెంట్ బిల్ట్ ఎ రిజర్వాయర్ బికాజ్ ద మూసీ ఫ్లడెడ్ ద సిటీ.' కారణాన్ని ముందుకు తెస్తే బికాజ్ కూడా దానితోనే వస్తుంది, కారణం ముగిసిన చోట కామా పడుతుంది: 'బికాజ్ ద మూసీ ఫ్లడెడ్ ద సిటీ, ద గవర్నమెంట్ బిల్ట్ ఎ రిజర్వాయర్.'

తరచూ దొర్లే తప్పు ఇదీ: 'ద మూసీ ఫ్లడెడ్ ద సిటీ బికాజ్ ద గవర్నమెంట్ బిల్ట్ ఎ రిజర్వాయర్.' అంటే రిజర్వాయర్ కట్టినందుకే ఊరు మునిగిందని! మనం కారణం ముందు చెప్పి, 'కాబట్టి' అని, తర్వాత ఫలితం చెబుతాం. ఆ 'కాబట్టి' చోట బికాజ్ వచ్చి కూర్చుంటోంది. అక్కడ ఉండాల్సింది సో.

3. సో ఫలితం ముందు, దానికి ముందు కామా

'ద మూసీ ఫ్లడెడ్ ద సిటీ, సో ద గవర్నమెంట్ బిల్ట్ ఎ రిజర్వాయర్.' సో ఉన్న భాగాన్ని వాక్యం మొదటికి జరపలేం. ఒకే వాక్యంలో బికాజ్, సో రెండూ వద్దు. 'బికాజ్ ఇట్ రెయిన్డ్, సో ద బస్ వాజ్ లేట్' తప్పు. ఏదో ఒకటి తీసేస్తే సరిపోతుంది.

4. తర్వాత ఏముందో చూసి బికాజ్ ఆఫ్ వాడండి

కర్త, క్రియ ఉంటే బికాజ్: 'బికాజ్ ఇట్ రెయిన్డ్'. ఉత్త నామవాచకమైతే బికాజ్ ఆఫ్: 'బికాజ్ ఆఫ్ ద రెయిన్'. 'బికాజ్ ఆఫ్ ఇట్ రెయిన్డ్' అనకూడదు.

5. సిన్స్, యాజ్ విషయంలో జాగ్రత్త

ఎదుటివాళ్లకు కారణం ముందే తెలిసుంటే సిన్స్ బాగుంటుంది: 'సిన్స్ ద మెట్రో ఈజ్ క్రౌడెడ్, లెట్స్ టేక్ ఎ బస్.' కానీ 'సిన్స్ ఐ మూవ్డ్ టు ఉప్పల్, ఐ హ్యావ్ యూజ్డ్ ద మెట్రో' అంటే ఉప్పల్‌కు మారినందుకా, మారినప్పటి నుంచా? యాజ్‌కు కూడా 'చేస్తుండగా' అనే ఇంకో అర్థం ఉంది. అనుమానం వస్తే బికాజ్‌కే కట్టుబడండి. 'వై?' అని అడిగితే జవాబు కూడా బికాజ్‌తోనే మొదలుపెట్టాలి.

6. దేర్‌ఫోర్ ముందు ఫుల్‌స్టాప్

దేర్‌ఫోర్ రెండు వాక్యాలను కలపదు. దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ, తర్వాత కామా పెట్టాలి. ఆఫీసు ఉత్తరాల్లో నప్పుతుంది, మాటల్లో సో చాలు.

7. ఎంత తీవ్రమో చెప్పాలంటే సో–దట్, సచ్–దట్

విశేషణం ఒక్కటే ఉంటే సో: 'ద బస్ వాజ్ సో క్రౌడెడ్ దట్ వుయ్ కుడ్ నాట్ గెట్ ఆన్.' నామవాచకం కూడా వస్తే సచ్: 'ఇట్ వాజ్ సచ్ ఎ క్రౌడెడ్ బస్ దట్ వుయ్ కుడ్ నాట్ గెట్ ఆన్.' మెనీ, మచ్ ఉంటే మాత్రం నామవాచకం ఉన్నా సో–నే: 'సో మెనీ పీపుల్ దట్...'

సో, దట్ పక్కపక్కనే వస్తే సాధారణంగా అది ఉద్దేశం. 'షి లెఫ్ట్ ఎర్లీ సో దట్ షి కుడ్ గెట్ ఎ సీట్' అంటే సీటు కోసం త్వరగా బయల్దేరింది. దొరికిందో లేదో ఈ వాక్యం చెప్పదు. 'షి లెఫ్ట్ ఎర్లీ, సో షి గాట్ ఎ సీట్' అంటే దొరికింది.

8. నాట్ ఉన్న వాక్యాన్ని మరోసారి చదవండి

'ఐ డిడ్ నాట్ లీవ్ ద జాబ్ బికాజ్ ద శాలరీ వాజ్ లో.' ఉద్యోగం మానలేదా, మానకపోవడానికి కారణం తక్కువ జీతమా? మానేసినా కారణం జీతం కాదా? రెండు రకాలుగానూ చదవొచ్చు. మానేసి ఉంటే అసలు కారణం రాయండి: 'ఐ లెఫ్ట్ ద జాబ్ బికాజ్ ది ఆఫీస్ వాజ్ టూ ఫార్.' మానకపోతే ఎందుకు ఉండిపోయారో చెప్పండి: 'ఐ స్టేడ్ బికాజ్ ఐ లైక్డ్ ద వర్క్.'