అల్జీమర్స్ పరిశోధనలో మన ఇంటివాళ్లు ఎలా పాల్గొనాలి?

అల్జీమర్స్ పరిశోధనకు సాయం అంటే చాలామందికి ముందు విరాళమే గుర్తొస్తుంది. డబ్బూ కావాలి, కాదనలేం. కానీ అంతకంటే కష్టంగా దొరికేది మనుషులు, అందులోనూ ఏ మతిమరుపూ లేని మనుషులు. ఈ జబ్బు తాలూకు మార్పులు లక్షణాలు బయటపడటానికి పదేళ్లకు పైగా ముందే మెదడులో మొదలవుతాయి. అందుకే బాగున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించాల్సి వస్తుంది.

మనవాళ్లను పరీక్షిస్తేనే తేలే సంగతులూ ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ సహా మతిమరుపు జబ్బుల) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని అందులో తేలింది. బడికి వెళ్లనివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఊళ్లో కాకపోతే ఈ ప్రశ్నకు ఇంత స్పష్టంగా జవాబు దొరికేదా?

ముందుగా, ఎలాంటి అధ్యయనమో తేల్చుకోండి

ఒక రకంలో మందేమీ ఇవ్వరు. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్ష, ఒక్కోసారి ఎంఆర్ఐ చేసి, కొన్నాళ్లకు మళ్లీ పిలుస్తారు. బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో చేస్తున్నది ఇదే. డిమెన్షియా లేని, 45 ఏళ్లు దాటిన పల్లెవాసులను పదివేల మంది దాకా చేర్చుకోవాలని దాని లక్ష్యం. ఆంధ్ర సరిహద్దు తాలూకా కాబట్టి అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఎక్కువే. అయితే ఇలాంటివి ఆ ప్రాంతంవాళ్లకే పరిమితం. మనకు దగ్గరలో ఏముందో మెమరీ క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్టును అడగడం మేలు.

రెండో రకం మందుల ట్రయల్. ఇందులో దుష్ఫలితాల రిస్క్ ఉంటుంది. మీవాళ్లకు అసలు మందే అందుతుందన్న గ్యారంటీ లేదు, పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర రావచ్చు. మొదటిసారి పాల్గొనేవారికి మొదటి రకమే నయమని నా అభిప్రాయం.

నమోదు ఉందో లేదో చూడండి

మన దేశంలో జరిగే మందుల ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందుగానే నమోదు కావాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు. అల్జీమర్స్ అనో డిమెన్షియా అనో వెతికి, ఏ ఊళ్లో జరుగుతోంది, ఇంకా మనుషులను చేర్చుకుంటున్నారా, పాల్గొనేవారి క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా అన్న మూడూ చూడండి. ప్రజలు ఎవరిని సంప్రదించాలో కూడా అందులోనే ఉంటుంది. మందు ట్రయల్ అంటూ మీ దగ్గరే డబ్బు అడిగితే మాత్రం అక్కడితో ఆపేయండి.

సంతకానికి ముందు

సమ్మతి పత్రం తెలుగులో అడగండి. ఇంటికి తెచ్చుకుని, తీరిగ్గా చదివి, పిల్లలతో మాట్లాడాకే సంతకం. 'అక్కడ సంతకం పెట్టండి పెద్దాయనా, అంతే' అని తొందరపెట్టే చోట టెన్షన్ పడి పెట్టేయక్కర్లేదు. చదవడం రానివారైతే పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. విషయం అర్థం చేసుకునే స్థితి దాటిన రోగి తరఫున చట్టపరంగా అర్హులైన బంధువు సంతకం చేస్తారు. అయినా రోగికి అర్థమయ్యేంత వరకు చెప్పి, వద్దంటే ఆ మాట వినాలి.

ఇవి తప్పక అడగండి: ఎన్నిసార్లు రావాలి? దారిఖర్చులు ఇస్తారా? మందు వల్ల ఏదైనా అయితే వైద్యం, పరిహారం ఎవరిది? (2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ కారణంగా హాని జరిగితే ఆ బాధ్యత నిర్వాహకులది.) రక్తనమూనా ఎన్నాళ్లు దాస్తారు? జన్యుపరీక్ష ఫలితం మాకు చెబుతారా? ఈ చివరిది చిన్న విషయం కాదు. ఏపీఓఈ-4 అనే జన్యురూపం ఉంటే ముప్పు పెరుగుతుంది, అంతేగానీ జబ్బు వచ్చి తీరుతుందని కాదు. ఆ సంగతి తెలుసుకోవాలో వద్దో ఇంట్లో ముందే అనుకోవాలి. మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు.

పరీక్ష రోజు

కళ్లజోడు, వినికిడి యంత్రం మరవకండి. సరిగ్గా వినపడక తప్పు చెప్పినా మతిమరుపు ఖాతాలోనే పడుతుంది. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి.

వెంట వెళ్లేవారి పని ఇంకా ముఖ్యం. డబ్బులు లెక్కపెట్టడంలో తడబడటం, తెలిసిన దారి తప్పడం, అడిగిందే అడగడం ఎప్పటినుంచి మొదలైందో వాళ్లే చెప్పాలి. రోజూ చూసే కోడలికి తెలిసినంత అమెరికాలో ఉన్న కొడుక్కి తెలియదు కదా, అందుకని ఆమే వెళ్లడం మంచిది. ఒక్కటే షరతు: పక్కన కూర్చుని జవాబులు అందించకూడదు! అత్తయ్య ఇవాళ ఏ వారమో తడుముకుంటుంటే 'గురువారం కదండీ' అని గొణిగితే ఆ పరీక్ష పనికిరాదు.

ఆ తర్వాత మధ్యలో జారిపోకుండా ఉండటమే అసలు సాయం. ఇల్లు మారినా, ఫోన్ నంబర్ మారినా కబురు చేయండి. జ్ఞాపకం తగ్గినవాళ్లే ఎక్కువగా రావడం మానేస్తే, మిగిలినవాళ్లను చూసి అందరూ బాగున్నారనే తప్పుడు లెక్క వస్తుంది.

మెదడు దానం

బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి పరిశోధన కోసం మెదడు కణజాల బ్యాంకు ఉంది. మెడికల్ కాలేజీకి దేహదానం రాసిస్తే మెదడు కూడా అక్కడికి చేరుతుందనుకోకండి, రెండూ వేర్వేరు. మెదడు తీసుకున్నా ముఖం చెడదు, అంత్యక్రియలకు దేహాన్ని తిరిగి ఇస్తారు. చనిపోయాక గంటల్లోనే తీయాలి కాబట్టి మన ఊళ్ల నుంచి దూరమే అడ్డంకి. కుదురుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కుటుంబం ఒప్పుకోకపోతే జరగదు, అందుకే బతికుండగానే పిల్లలకు చెప్పి ఉంచాలి.

డబ్బు ఇవ్వాలనుకుంటే, పరిశోధనకు వెళ్తుందా, రోగుల సంరక్షణకా అని అడిగి ఇవ్వండి. ఏఆర్‌డీఎస్ఐ (అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) లాంటి సంస్థలు కుటుంబాలకు అండగా ఉంటాయి, ల్యాబులకు ఇచ్చేది వేరే దారి. విరాళంపై ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు దాటిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి.